టైమౌట్ పెట్టినా కదలని బరువు: జీడిమెట్ల లారీ కాటా దగ్గర ఒక పైసీరియల్ కేస్ స్టడీ

సీరియల్ పోర్టు నుంచి డేటా చదివే పైథాన్ లైబ్రరీ పైసీరియల్‌లో టైమౌట్ (ఎంతసేపు ఎదురుచూడాలనే గడువు) 1 అని రాస్తే, ఒక లైన్ చదివిచ్చే రీడ్‌లైన్ ఫంక్షన్ ఒక్క సెకనులో తిరిగొస్తుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. కొన్ని పరిస్థితుల్లో అది ఎప్పటికీ తిరిగి రాదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్ల జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక లారీ కాటా దగ్గర ఒక బండి బరువు ఇంకో బండి చీటీ మీద అచ్చయ్యేది. అక్కడ ఏం చూశాం, ఎందుకలా జరిగింది, ఏం మార్చాం అన్నదంతా ఇక్కడ రాస్తున్నాను. వేబ్రిడ్జి అనే కాదు, ఎనర్జీ మీటరు, ల్యాబ్ ఎనలైజరు, బార్‌కోడ్ స్కానరు, సీరియల్ పోర్టు మీద పైథాన్‌తో ఏది చదివినా ఇదే చిక్కు ఎదురయ్యే అవకాశం ఉంది.

ముందు సరంజామా చెప్తాను. తుక్కు ఇనుము, కడ్డీల లారీలు రాత్రీపగలూ వచ్చే కాటా అది. ప్లాట్‌ఫాం కింద లోడ్ సెల్స్, అక్కణ్ణించి జంక్షన్ బాక్స్, అక్కణ్ణించి కేబిన్‌లో ఉన్న ఇండికేటరు. ఇండికేటరు వెనక ఆర్ఎస్-232 అనే సీరియల్ పోర్టు, 9600 బాడ్, 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్. అది యూఎస్‌బీ కన్వర్టర్ మీదుగా రాస్ప్‌బెర్రీ పై 4 అనే, లైనక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్‌లోకి వస్తుంది, దాంట్లో పైథాన్ ప్రోగ్రాం, టికింటర్‌తో చేసిన స్క్రీను, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. ఖాళీ బండిని ఒకసారి, లోడు బండిని ఒకసారి తూస్తారు, రెండిటి తేడా నికర బరువు, చీటీ చేతికిస్తారు. ఆ చీటీ మీద అంకెను బట్టే డబ్బు చేతులు మారుతుంది కాబట్టి అక్కడ ఒక తప్పు అంకె పడితే గొడవ గేటు దగ్గరే మొదలవుతుంది.

ఫిర్యాదులు మూడు. ఒకటి, ఇండికేటరు మీద బరువు మారుతున్నా స్క్రీన్ మీద మారట్లేదు. రెండు, అప్పుడప్పుడు వెళ్లిపోయిన బండి బరువు వచ్చిన బండికి పడుతోంది. మూడు, కరెంటు పోయి జనరేటర్ మీదకు మారాక ప్రోగ్రాం మూసి తెరిస్తే తప్ప బరువే రావట్లేదు. సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన వాళ్లు ఫోన్‌లో, "టైమౌట్ పెట్టాం కదా సార్, హ్యాంగ్ అయ్యే ఛాన్సే లేదు, మీ కేబుల్ పోయింటది" అన్నారట. ఓనర్ కేబుల్ మార్పించారు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి మనిషిని పంపి ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న మంచి కన్వర్టర్ తెప్పించారు. ఏమీ మారలేదు.

అసలు ఆధారం ఇచ్చింది కాటా ఆపరేటర్. "స్క్రీన్ ఆగిపోతే ఇండికేటర్ ఎనక వైరు ఒక్కసారి గుంజి పెట్టుర్రి సార్, బరువు వస్తది" అన్నాడు. అన్నట్టే చేసి చూపించాడు కూడా. వైరు లాగాడు, రెండు సెకన్లు ఆగాడు, స్క్రీన్ మీద కొత్త బరువు వచ్చింది, వైరు మళ్లీ పెట్టాడు, బరువు అక్కడే నిలిచిపోయింది. అంటే వైరు ఉన్నప్పుడు రాని బరువు వైరు తీస్తే వస్తోంది. కేబుల్ పోయిన చోట ఇలా జరగదు. బైట్లు ఆగితేనే ప్రోగ్రాం కదులుతోందన్నమాట. ఆ షిఫ్టులో అందరికీ ఈ చిట్కా తెలుసు, కొంతమంది బండి బండికీ లాగి పెడుతున్నారు, మర్చిపోయిన రోజు పాత బరువే చీటీ మీదకు వెళ్తోంది. మొదటి రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటేనని అక్కడే అర్థమైంది.

కోడ్ తెరవకముందు వైరు మీద ఏం వస్తోందో చూడాలి, ఈ పని వదిలేసి ఊహల మీద వెళ్తే రోజంతా పోతుంది. ప్రోగ్రాం ఆపేసి, పైథాన్ ప్రాంప్ట్‌లో పోర్టు తెరిచి, 64 బైట్లు చదివి హెక్స్‌లో చూశాం. ప్లాట్‌ఫాం మీద లోడు లారీ ఉంది. వచ్చింది ఇది, మళ్లీ మళ్లీ ఇదే:

02 20 30 31 38 34 32 30 53 03

02 అంటే ఎస్టీఎక్స్, ఫ్రేం మొదలు. 20 అంటే ఖాళీ, అంటే బరువు మైనస్ కాదు. తర్వాత ఆరు అంకెలు 018420, అంటే 18,420 కిలోలు. 53 అంటే ఎస్, బరువు నిలకడగా ఉందని. బండి కదులుతుంటే దాని బదులు ఎమ్ వస్తోంది. చివర 03, ఈటీఎక్స్, ఫ్రేం ముగింపు. మొత్తం 10 బైట్లు, సెకనుకు దాదాపు పది ఫ్రేములు. ఇందులో 0డీ లేదు, 0ఏ లేదు, అంటే లైన్ అయిపోయిందని చెప్పే న్యూలైన్ అన్నదే లేదు. దారిలో బైట్లు చెడిపోతే పట్టిచ్చే చెక్‌సమ్ కూడా లేదు. ఓనర్‌ని అడిగితే తెలిసింది, వోల్టేజీ దెబ్బకు పాత ఇండికేటరు కాలిపోతే ఇంకో కంపెనీది పెట్టించారట, ప్రోగ్రాం మాత్రం పాతదే.

ఇప్పుడు కోడ్ సంగతి. ఒక థ్రెడ్‌లో (మిగతా ప్రోగ్రాంతో పాటు సమాంతరంగా నడిచే భాగంలో) లూప్, లూప్‌లో రీడ్‌లైన్, టైమౌట్ 1. పైసీరియల్ తనదంటూ రీడ్‌లైన్ రాసుకోలేదు, పైథాన్ ఐఓ మాడ్యూల్‌లో ఉన్నదే వారసత్వంగా తీసుకుంటుంది. ఆ రీడ్‌లైన్ లోపల ఒక్కో బైట్ చొప్పున రీడ్‌ని పిలుస్తూ పోతుంది, 0ఏ వచ్చేదాకా, లేదా రీడ్ ఖాళీ చేతులతో వచ్చేదాకా. మనం పెట్టిన ఒక్క సెకను గడువు ఆ ఒక్కో బైట్‌కి వర్తిస్తుంది, మొత్తం లైన్‌కి కాదు. ఇక్కడ 9600 బాడ్‌లో ఒక బైట్‌కి 10 బిట్లు, కాబట్టి సెకనుకు 960 బైట్లు, ఒక బైట్‌కి మిల్లీసెకనుకు కాస్త పైన. పది బైట్ల ఫ్రేం దాదాపు 10 మిల్లీసెకన్లలో అయిపోతుంది, ఆ తర్వాత 90 మిల్లీసెకన్లు నిశ్శబ్దం, మళ్లీ ఫ్రేం. ఒక సెకను పాటు ఏ బైటూ రాకుండా ఉండే సమయం అసలు లేదు, న్యూలైన్ ఎన్నటికీ రాదు. నెలనెలా వడ్డీ ముడుతున్నంత కాలం అసలు గురించి ఎవరూ అడగనట్టు, బైట్ బైట్‌కీ గడువు కొత్తగా మొదలవుతూనే ఉంటుంది.

వైరు లాగినప్పుడు ఏమవుతోందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. బైట్లు ఆగాయి, ఒక సెకను గడిచింది, ఒక రీడ్ ఖాళీగా వచ్చింది, రీడ్‌లైన్ అప్పటిదాకా పోగేసిన బైట్లన్నీ ఒకే ముద్దగా తిరిగిచ్చింది, కోడ్ ఆ ముద్ద చివర్లో ఉన్న అంకెలు తీసుకుని స్క్రీన్ మీద వేసింది. కొత్త ఇండికేటరు బిగించిన రోజు పరీక్షలో అంతా బాగానే కనిపించింది కూడా ఇందుకే, బిగించేటప్పుడు వైరు తీయడం పెట్టడం నడుస్తూనే ఉంటుంది కదా.

అదే కోడ్‌లో ఇంకో చోటు నన్ను బాగా ఆపింది. రీడ్‌లైన్ చుట్టూ ట్రై పెట్టి, సీరియల్ టైమౌట్ ఎక్సెప్షన్ వస్తే "కేబుల్ చెక్ చేయండి" అని చూపించమని రాశారు. చదివే వాళ్లకు ఇది చాలా పద్ధతిగా అనిపిస్తుంది. కానీ పైసీరియల్‌లో ఆ ఎక్సెప్షన్ రాసేటప్పుడు, అంటే రైట్ టైమౌట్‌కి మాత్రమే వస్తుంది. చదివేటప్పుడు గడువు ముగిస్తే ఎక్సెప్షన్ ఏదీ రాదు, అడిగిన దానికన్నా తక్కువ బైట్లో, ఖాళీ బైట్లో చేతికొస్తాయి, అంతే. ఆ కేబుల్ మెసేజ్ ఆ స్క్రీన్ మీద ఒక్కసారి కూడా వచ్చే వీల్లేదు.

ఇండికేటరు సెట్టింగ్ మార్చి చివర న్యూలైన్ పంపేలా చేస్తే పోలేదా అని అడగొచ్చు. ఆ మాట వచ్చింది. అయితే అది లీగల్ మెట్రాలజీ వాళ్ల ముద్ర ఉన్న తూకం పరికరం, మెనూలోకి వెళ్లడం ఓనర్‌కి ఇష్టం లేదు, నాకు కూడా అదే సరైన పద్ధతి అనిపించింది. పైగా రేపు ఇంకో ఇండికేటరు వస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. ప్రోగ్రామే గట్టిగా ఉండాలి.

చేతికి దగ్గరగా ఉన్న మందు పైసీరియల్‌లోనే ఉన్న రీడ్ అంటిల్ ఫంక్షన్. దానికి ముగింపు బైట్‌గా ఈటీఎక్స్ ఇవ్వొచ్చు. ఆ పారామీటర్ పేరు పైసీరియల్ 3.5 వెర్షన్ నుంచి ఎక్స్‌పెక్టెడ్, అంతకుముందు టెర్మినేటర్, పాత కోడ్ కాపీ కొట్టేవాళ్లు ఇది చూసుకోవాలి. ఇది ప్రతి బైట్ తర్వాత మొత్తం గడువు దాటిందా అని కూడా చూస్తుంది, కాబట్టి రీడ్‌లైన్‌లా ఎడతెగకుండా నడవదు. చిన్న పనికి ఇది సరిపోతుంది, నేను కూడా చాలా చోట్ల వాడతాను. కానీ గడువు ముగిస్తే సగం ఫ్రేం కూడా మామూలు ఫ్రేంలాగే తిరిగిస్తుంది, చివరి బైట్ ఈటీఎక్స్ అవునో కాదో మనమే చూసుకోవాలి. బైట్‌కీ బైట్‌కీ మధ్య గడువు పెట్టే ఇంటర్ బైట్ టైమౌట్ అని ఇంకోటి ఉంది, పేరు చూస్తే ఇదే కదా కావాల్సింది అనిపిస్తుంది. లైనక్స్‌లో అది టెర్మినల్ డ్రైవర్‌లోని వీటైమ్ అనే సెట్టింగ్ మీద ఆధారపడుతుంది, దాని కొలత సెకనులో పదో వంతు, అంతకంటే తక్కువ ఇస్తే సున్నా అయిపోతుంది. మన ఫ్రేముల మధ్య ఖాళీయే 90 మిల్లీసెకన్లు, కాబట్టి అది ఇక్కడ పనికిరాదు.

చివరికి చదివే లూప్‌ని కొత్తగా రాశాం. పోర్టు టైమౌట్ 0.2 సెకను. ప్రతి సారీ, వచ్చి చదవకుండా ఉన్న బైట్ల లెక్క చెప్పే ఇన్ వెయిటింగ్ ఎన్ని ఉన్నాయంటే అన్ని, ఒక్కటీ లేకపోతే ఒక బైట్ కోసం రీడ్. దీనివల్ల బైట్లు ఉంటే వెంటనే వస్తాయి, లేకపోతే 0.2 సెకనుకు ఒకసారి లూప్ మన చేతిలోకి వస్తుంది, ప్రోగ్రాం ఆపమంటే ఆగుతుంది, ప్రాసెసర్ ఊరికే తిరగదు. వచ్చినవన్నీ ఒక బైట్‌అర్రేలో చేరతాయి. అందులో ఎస్టీఎక్స్ వెతికి, దాని ముందున్నదంతా పారేసి, సరిగ్గా పదో బైట్ ఈటీఎక్స్ అయితే, మధ్యలో ఆరూ అంకెలే అయితే, ఎస్ గానీ ఎమ్ గానీ ఉంటేనే అది ఫ్రేం. లేకపోతే ఆ ఎస్టీఎక్స్‌ని వదిలి తర్వాతి దానికి వెళ్లడం, చెత్త లెక్కలో ఒకటి కలపడం. ఒకే సారి చాలా ఫ్రేములు దొరికితే చివరిది మాత్రమే బరువు. అర్రేకి ఒక పరిమితి కూడా పెట్టాలి, లేకపోతే బాడ్ రేటు తప్పుగా ఉన్న రోజు మెమరీ నిండుతూ పోతుంది.

చివరి ఫ్రేమే తీసుకోవాలన్న దాని వెనక ఇంకో కారణం ఉంది. మన ప్రోగ్రాం చదవకపోయినా ఇండికేటరు పంపుతూనే ఉంటుంది, అవన్నీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) బఫర్‌లో క్యూ కడతాయి, లైనక్స్ టెర్మినల్ లైన్ బఫర్ ఒక్కటే 4096 బైట్లు. చదివే పని, ప్రింట్ పని ఒకే థ్రెడ్‌లో ఉంటే డాట్ మ్యాట్రిక్స్ చీటీ కొట్టేలోపు క్యూలో పాత బరువులు పేరుకుంటాయి, తర్వాత ఒక్కో ఫ్రేం చొప్పున చదివితే దిగిపోయిన బండి బరువు చూపిస్తుంది. కొంతమంది దీనికి ప్రతి సారీ ఇన్‌పుట్ బఫర్ రీసెట్ చేస్తారు. అదీ తప్పేం కాదు, కాకపోతే ఫ్రేం మధ్యలో నరికేస్తుంది కాబట్టి మొదటి ముక్క పారేసే ఏర్పాటు ఉండాలి. మేము ప్రింటర్‌ని వేరే థ్రెడ్‌కి మార్చాం, చదివే థ్రెడ్ చదవడం తప్ప ఇంకేం చేయదు.

ఇవన్నీ ఒక ఎత్తు, బరువుకి వయసు పెట్టడం ఒక ఎత్తు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా విలువైన మార్పు అదే. ప్రతి మంచి ఫ్రేం వచ్చిన క్షణంలో టైమ్ మాడ్యూల్‌లోని మోనోటోనిక్ గడియారం విలువ దాని పక్కన దాచుకుంటాం. స్క్రీను బరువు అడిగినప్పుడు ఇప్పటి విలువలోంచి దాన్ని తీసేస్తే బరువు వయసు తెలుస్తుంది. సెకనుకు పది ఫ్రేములు రావాల్సిన చోట ఒక సెకను దాటిందంటే వరసగా పది ఫ్రేములు పోయాయని. అంత నిశ్శబ్దంలో పాత అంకెను స్క్రీన్ మీద ఉంచే హక్కు ప్రోగ్రాంకి లేదు. అంకె తీసేసి గీతలు చూపిస్తుంది, చీటీ బటన్ పనిచేయదు. ఎస్ ఉన్న ఫ్రేములు వరసగా ఐదు, ఒకే బరువుతో వస్తేనే బటన్ మళ్లీ తెరుచుకుంటుంది. చెక్‌సమ్ లేని పరికరానికి ఈ ఐదు ఫ్రేముల నియమమే రక్షణ.

మామూలు గడియారం బదులు మోనోటోనిక్ ఎందుకంటే, రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారం లేదు. యూపీఎస్ కూడా దిగిపోయి మళ్లీ లేచినప్పుడు అది పాత టైమ్‌తో మొదలై, నెట్ దొరకగానే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. గడువులు ఆ గడియారం మీద లెక్కగడితే ఆ దూకుడులో ప్రతి బరువూ గంటల పాతదైపోతుంది, వెనక్కి జరిగితే పాతది కూడా కొత్తదిలా కనిపిస్తుంది. మోనోటోనిక్ ఎప్పుడూ వెనక్కి వెళ్లదు, టైమ్ సెట్ చేసినా దూకదు, పైథాన్ 3.3 నుంచీ ఉంది.

మూడో ఫిర్యాదు, జనరేటర్‌ది, పూర్తిగా వేరే కథ. కెర్నల్ లాగ్ చూస్తే కరెంటు మారిన క్షణంలో యూఎస్‌బీ పోర్టుని హబ్ డిసేబుల్ చేసిందని, పక్కన ఈఎంఐ (విద్యుదయస్కాంత జోక్యం) అని ప్రశ్నార్థకంతో సహా ఉంది. అంటే విద్యుత్ కుదుపుకి కన్వర్టర్ ఊడి మళ్లీ అతుక్కుంటోంది. పాత ప్రోగ్రాం పోర్టుని మూయకుండా పట్టుకునే ఉండటంతో టీటీవై యూఎస్‌బీ 0 అన్న పేరు ఖాళీ అవలేదు, కొత్తగా వచ్చింది టీటీవై యూఎస్‌బీ 1 అయింది, ప్రోగ్రాం మాత్రం 0 దగ్గరే కూర్చుంది. పైగా ఎక్సెప్షన్ ఏదొచ్చినా మింగేసి లూప్ తిప్పే లైన్ ఒకటి ఉంది, కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఇప్పుడు పోర్టుని సంఖ్యతో తెరవం, డెవ్ కింద సీరియల్, దాని కింద బై ఐడీ ఫోల్డర్లో ఉండే స్థిరమైన పేరుతో తెరుస్తాం. ఎఫ్‌టీడీఐ కన్వర్టర్లకు సాధారణంగా సొంత సీరియల్ నంబర్ ఉంటుంది కాబట్టి ఇది కుదురుతుంది; చౌక కన్వర్టర్లలో చాలావాటికి ఆ నంబర్ ఉండదు, అలాంటి రెండు పక్కపక్కన ఉంటే, ఏ యూఎస్‌బీ పోర్టులో పెట్టారన్న దాన్ని బట్టి పేరిచ్చే బై పాత్ ఫోల్డర్ వాడుకోవాలి. పోర్టు పోతే ముందు మూసేయడం, కొంచెం ఆగి తెరవడం, కుదరకపోతే ఆగే సమయం పెంచుతూ ఐదు సెకన్ల దాకా వెళ్లడం. పట్టుకోవాల్సిన ఎక్సెప్షన్ విషయంలో ఒక సూక్ష్మం ఉంది: రీడ్ దగ్గర సీరియల్ ఎక్సెప్షన్ వస్తుంది, ఇన్ వెయిటింగ్ దగ్గర మాత్రం లైనక్స్‌లో నేరుగా ఓఎస్ ఎర్రర్ రావచ్చు. సీరియల్ ఎక్సెప్షన్ కూడా ఓఎస్ ఎర్రర్ సంతానమే కాబట్టి ఓఎస్ ఎర్రర్‌ని పట్టుకుంటే రెండూ దొరుకుతాయి. ఇంకా, తెరిచేటప్పుడు ఎక్స్‌క్లూజివ్ ఆన్ చేశాం, అది పైసీరియల్ 3.3 వెర్షన్ నుంచి ఉంది, లైనక్స్ లాంటి సిస్టమ్స్‌లో పనిచేస్తుంది. షిఫ్టు మారినప్పుడు ఎవరో ఐకాన్ రెండుసార్లు నొక్కితే రెండు ప్రోగ్రాములు ఒకే పోర్టు బైట్లు పంచుకుని ఇద్దరికీ ముక్కలే మిగిలే టెన్షన్ దాంతో పోయింది.

ఇదంతా లారీల మీద పరీక్షిస్తే కాటా ఆగిపోతుంది. అందుకని సోక్యాట్ అనే టూల్‌తో రెండు ఉత్తుత్తి పోర్టులు జతచేసి, ఒక చివర ఫ్రేములు పంపే చిన్న స్క్రిప్ట్, ఇంకో చివర మన ప్రోగ్రాం పెట్టి చూశాం. స్క్రిప్ట్ చేత ఫ్రేం సగంలో ఆపించాం, ఈటీఎక్స్ లేకుండా పంపించాం, ఎడాపెడా బైట్లు కొట్టించాం, పది సెకన్లు మౌనంగా ఉంచాం. ఆ తర్వాతే సైట్లో: ఇండికేటరు ఆఫ్ చేయడం, వైరు లాగడం, కన్వర్టర్ పీకి వేరే పోర్టులో పెట్టడం, చివరికి ప్లాట్‌ఫాం మీద బండి ఉండగా జనరేటర్‌కి మార్చడం. ప్రతి సారీ స్క్రీన్ మీద గీతలు వచ్చి, వైరు తిరిగి కలవగానే బరువు దానంతటదే వచ్చిందో లేదో ఆపరేటర్ చేతే చూపించాం, ఎందుకంటే రేపు అర్ధరాత్రి దీని ముందు ఉండేది అతనే. వైరు గుంజే అలవాటు మాన్పించడానికి కొంత టైమ్ పట్టింది.

ప్రోగ్రాం ఇప్పుడు గంటకోసారి లాగ్‌లో నాలుగు అంకెలు రాస్తుంది: మంచి ఫ్రేములు, చెత్త ఫ్రేములు, ఒక సెకను దాటిన మౌనాలు, పోర్టు పోయిన సార్లు. ఆ లాగ్ వల్ల ఎవరూ ఫిర్యాదు చేయని సంగతి ఒకటి బయటపడింది. చెత్త ఫ్రేములు రాత్రి దాదాపు ఉండట్లేదు, పగలు మాత్రం కొన్ని గంటల్లో గుంపుగా పడుతున్నాయి. ఆ గంటలు పక్క షెడ్‌లో వెల్డింగ్ నడిచే గంటలు. ఇండికేటరు కేబుల్ చూస్తే వెల్డింగ్ లైన్‌తో పాటు ఒకే పైపులో గోడ వెంట వెళ్తోంది. దాన్ని విడదీసి వేరే దారిలో లాగించి, షీల్డ్‌ని ఒక చివర మాత్రమే ఎర్త్ చేయించాం. ఆ తర్వాత లాగ్‌లో పగటి చెత్త లెక్క కూడా రాత్రి లెక్క స్థాయికి దిగింది.